వ్యానులో సామానుకు చోటు – ఒక చిన్న చరిత్ర



ప్రత్యేక సంచికకు మీ శాఖ చరిత్ర గురించి ఏదైనా రాయండని సంపాదకవర్గం వారు నన్ను కోరారు. శాఖ ఎప్పుడు ఏర్పడింది, ఏ అధికారి కాలంలో ఎంత విస్తరించింది అన్న విషయాలు రాయగలిగిన పెద్దలు వేరే ఉన్నారు. నేను 1974లో ఎల్.డి.సి.గా చేరి, 2009లో సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసిన మామూలు గుమాస్తాను. నా సర్వీసంతా స్టాకు రిజిస్టర్లు, కంటింజెంటు బిల్లులు, వాహనాల లాగ్‌బుక్కుల మధ్యనే గడిచింది. అందుచేత నాకు తెలిసిన ఒక చిన్న విషయం మీదనే రాస్తున్నాను. పనికి తిరిగే వ్యానులో సామాను కదలకుండా బిగించే అరలు, బ్రాకెట్లు ఎలా వచ్చాయన్నదే ఆ విషయం.

"ఇదీ ఒక చరిత్రేనా?" అని మా మనవడు నవ్వాడు. వాడికి నేను ఇన్నాళ్లూ చెప్పని సంగతి ఒకటి ఇందులో ఉంది. అది చివర్న కాదు, మధ్యలోనే వస్తుంది.

ఉత్తరాల గూళ్ల నుంచి

కదిలే బండిలో కూర్చుని పని చేయాలన్న ఆలోచన పాతదే. ఇంగ్లండులో 1838లో, గుర్రాలను తీసుకుపోయే ఒక రైలు పెట్టెను మార్చి, నడుస్తున్న రైలులోనే ఉత్తరాలు విడదీసే ఏర్పాటు చేశారు. మన దేశంలో రైళ్లు వచ్చిన పదేళ్లకు, 1860లలో, ఆ పద్ధతి ఇక్కడికీ వచ్చింది. మన సభ్యుల్లో ఆర్.ఎం.ఎస్.లో పని చేసిన వారికి ఆ పెట్టెలు బాగా తెలుసు. గోడ పొడుగునా చిన్న చిన్న గూళ్లు, సంచులు తగిలించే కొక్కేలు, నిలబడి పని చేసేందుకు బల్ల ఉండేవి. రైలు ఊగుతున్నా ఉత్తరం గూటిలోంచి జారిపోకూడదు. రాత్రంతా నిలబడే మనిషికి ప్రతి గూడూ చేతికి అందాలి. ఈ రెండు అవసరాలూ తీరేలా చేసిన వడ్రంగి పనే ఆర్.ఎం.ఎస్. వ్యాను. ఈ రోజు మనం చూసే ఏ పని బండిలోనైనా అరలు చేసేది ఈ రెండు అవసరాల కోసమే.

తర్వాతి పెద్ద అడుగు యుద్ధంలో పడింది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు, రెండుసార్లు నోబెల్ బహుమతి పొందిన మేరీ క్యూరీ గారు ఎక్స్‌రే యంత్రాన్ని మోటారు బండిలోకి ఎక్కించారు. బండి ఇంజను తిప్పే డైనమో, ఎక్స్‌రే గొట్టం, ఫోటో ప్లేట్లు, చీకటి గది కోసం తెరలు అన్నీ ఒకే చిన్న బండిలో ఇమిడాయి. అటువంటి బండ్లు ఇరవై దాకా యుద్ధభూమికి వెళ్లాయి. సైనికులు వాటికి "చిన్న క్యూరీలు" అని పేరు పెట్టుకున్నారు. ఆమె స్వయంగా బండి నడపడం కూడా నేర్చుకున్నారు. గాజు గొట్టాన్ని గతుకుల దారిలో తీసుకువెళ్లి, దిగిన చోట వెంటనే పని చేయించాలంటే దాన్ని ఎంత భద్రంగా సర్దుకోవాలో ఆలోచించండి.

మన వైపు చూస్తే, ఎస్.ఆర్. రంగనాథన్ గారి ప్రేరణతో 1931లో మన్నారుగుడి దగ్గర ఎడ్లబండి గ్రంథాలయం పల్లెలకు వెళ్లింది. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపారు. వాహనం ఏదైనా సమస్య ఒక్కటే. బండి కదులుతుంది, లోపలి సామాను కదలకూడదు.

రంధ్రాల యాంగిల్ కథ

మన ఆఫీసుల రికార్డు రూముల్లో బూడిద రంగు ఇనప ర్యాకులు చూడని పెన్షనరు ఉండరు. పొడుగునా వరసగా రంధ్రాలుండే యాంగిల్ బద్దలు, నట్లు, బోల్టులు, రేకు పలకలతో అవి నిలబడేవి. పలక ఎక్కువ ఎత్తులో ఉందనిపిస్తే బోల్టు విప్పి కిందికి దించుకోవచ్చు. వడ్రంగి, వెల్డరు ఇద్దరితోనూ పని లేదు. "స్లాటెడ్ యాంగిల్" అని ఇండెంట్లలో వేల సార్లు రాశాను గానీ, అది ఎవరి తెలివో రిటైరయ్యాక గాని తెలుసుకోలేదు.

ఆయన పేరు డెమెట్రియస్ కొమినో. ఆస్ట్రేలియాలో పుట్టిన గ్రీకు సంతతి ఇంజనీరు. లండనులో అచ్చాఫీసు నడుపుతూ, అవసరం మారినప్పుడల్లా బల్లలూ అరలూ పగలగొట్టి కొత్తవి చేయించలేక విసిగిపోయారు. విప్పి మళ్లీ కట్టుకోగలిగిన ఇనప బద్ద ఉంటే బాగుండునని ఆలోచించి, 1947లో డెక్సియన్ పేరుతో కర్మాగారం పెట్టారు. అక్కడి నుంచి ఆ బద్ద ప్రపంచమంతా పాకింది. గోడౌన్లు, ఆఫీసులు, చివరికి వ్యాన్ల లోపలి భాగాలు కూడా దానితోనే సర్దుకున్నాయి.

ఉక్కు ఫర్నిచరు మాట వచ్చినప్పుడు మన హైదరాబాదు ఆల్విన్ సంస్థను కూడా తలచుకోవాలి. 1942లో మొదలైన ఆ సంస్థ బస్సు బాడీలూ చేసింది, బీరువాలూ చేసింది. తర్వాత రిఫ్రిజిరేటర్లు, గడియారాలు కూడా చేసింది. నేను చేరిన ఆఫీసులో నా ఫైళ్లు దాచిన బీరువా ఆల్విన్‌దే. ఆ సంస్థ ఇప్పుడు లేదు. బీరువాలు మాత్రం ఇంకా కొన్ని ఆఫీసుల్లో నిలబడే ఉన్నాయి.

ప్రచార వ్యాన్ల కాలం

స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం చేసే పనులు పల్లెల్లో చెప్పడానికి సినిమాను మించిన సాధనం లేకపోయింది. 1948లో ఫిల్మ్స్ డివిజన్ ఏర్పడింది. 1953లో పంచవర్ష ప్రణాళికల ప్రచారం కోసం కేంద్రం ఒక సంస్థను ఏర్పాటు చేసి, 1959లో దానికి క్షేత్ర ప్రచార డైరెక్టరేటు అని పేరు పెట్టింది. రాష్ట్ర ప్రభుత్వాలకూ సొంత ప్రచార బండ్లు ఉండేవి. మొదట్లో జీపులు, వాటి వెనక ట్రైలర్లు. ఆ తర్వాత మెటాడోర్ వంటి వ్యాన్లు వచ్చాయి.

నేను పని చేసింది అటువంటి ఒక బండి ఉన్న జిల్లా ఆఫీసులో. కోస్తాలో ఒక జిల్లా అని మాత్రం చెబుతాను. ఆఫీసు పేరు రాయను. ఇందులోని మనుషుల పిల్లలు ఇంకా ఆ ఊళ్లోనే ఉన్నారు.

సాయంత్రం మా వ్యాను ఊళ్లోకి వస్తే పిల్లలంతా వెంట పరుగెత్తేవారు. బండిలో ఏమేమి ఉండేవో స్టాకు రిజిస్టరు ప్రకారం ఇప్పటికీ చెప్పగలను. 16 మిల్లీమీటర్ల ప్రొజెక్టరు ఒకటి, దాని స్పీకరు పెట్టె ఒకటి, ఆంప్లిఫయరు ఒకటి, గొట్టం స్పీకర్లు రెండు, మైకులు రెండు, తెర, దాని గుంజలు, కేబులు చుట్ట, 12 వోల్టుల బ్యాటరీ, పెట్రోలు జనరేటరు, పెట్రోలు డబ్బా, పెట్రోమాక్స్ లైటు, పనిముట్ల పెట్టె, కరపత్రాల కట్టలు. వీటికి తోడు ఫిలిం డబ్బాలు. నాలుగు వందల అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడుతుంది. పదహారు వందల అడుగుల రీలు ముప్పావు గంటకు ఒక నిమిషం తక్కువ.

ఇంత సామాను ఉన్న బండి లోపల ఒక్క అర గాని, ఒక్క కొక్కెం గాని ఉండేది కాదు. బండి కొన్నప్పుడు శాంక్షనులో బండి ఉంది, సామానుకు వేరే శాంక్షను ఉంది, సామానును బండిలో బిగించడానికి ఎవరూ శాంక్షను అడగలేదు. అన్నిటినీ కొబ్బరి తాడుతో కలిపి కట్టేవారు. కట్టడానికి అరగంట, విప్పడానికి పావుగంట. తాడు ఎండకు సాగేది, వానకు బిగిసేది. మధ్య దారిలో తెగేది కూడా.

మా ఆపరేటరు గారు నాకంటే పన్నెండేళ్లు పెద్ద. ప్రొజెక్టరు బల్బు చల్లారకుండా యంత్రాన్ని ఎవరైనా కదిలిస్తే ఊరుకునేవారు కాదు. వేడి మీద కుదిపితే లోపలి తీగ తెగుతుందనేవారు. 1984 మే నెలలో ఆయన ఒక పేజీ అర్జీ పట్టుకుని నా బల్ల దగ్గరకు వచ్చారు.

"అబ్బాయ్, బండిలో అరలు కావాలి. జనరేటరును నేలకు బిగించాలి. మూడు వందల నలభై అవుతుందన్నాడు మేస్త్రీ. కొంచెం చూసి పైకి పెట్టు," అన్నారు.

"మెయింటెనెన్సు పద్దులో ఏమీ లేదండీ," అన్నాను.

"పద్దు సంగతి నాకేం తెలుసు? వెనకాల కూర్చునే వాడి కాళ్ల సంగతి నాకు తెలుసు," అని కాగితం బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు.

నేను ఫైలు మీద రాసిన మాటలు ఇవి. "ప్రస్తుత ఆర్థిక సంవత్సరంలో ఈ పద్దు కింద కేటాయింపు లేదు. వచ్చే సంవత్సరం పరిశీలించవచ్చును. ఉత్తర్వుల నిమిత్తం." అధికారి చిన్న సంతకం పెట్టారు. ఫైలు బీరువాలోకి వెళ్లింది. నేను రాసింది రూలు ప్రకారం తప్పు కాదు. అయితే ఆ మొత్తం కంటింజెన్సీ కిందకు తేవడానికి దారి ఉందని నాకు తెలుసు. వెదకలేదు. ఎండాకాలం, పని ఒత్తిడి, పైగా అడిగింది నాలుగు ఇనప బద్దల కోసమని చులకన.

డిసెంబరు రాత్రి

అదే సంవత్సరం డిసెంబరులో కార్యక్రమం ముగించుకుని రాత్రి పదకొండు దాటాక బండి తిరిగి వస్తోంది. ముందు సీట్లలో డ్రైవరు, ఆపరేటరు గారు. వెనక నేల మీద, సీటుకు వీపు ఆనించి మా అటెండరు. లాంతరు లేని ఎడ్లబండి ఒకటి కాలువ గట్టు మలుపులో అడ్డొచ్చింది. డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. ఎద్దులకు ఏమీ కాలేదు. వ్యాను ఆగింది గాని, వ్యాను లోపలి జనరేటరు ఆగలేదు. తాడు తెంచుకుని ముందుకు జారి, అటెండరు ఎడమ కాలిని సీటు పలకకు నొక్కేసింది.

ఆ జనరేటరును ఇద్దరు మోస్తే గాని లేవదు. ఆ ఇరుకులో అంత బరువు తీసి అతణ్ణి బయటికి లాగడానికి వారిద్దరూ ఎంత అవస్థ పడ్డారో తర్వాత ఆపరేటరు గారు చెప్పారు. ముంగాలి ఎముక రెండు చోట్ల విరిగింది. నాలుగు నెలలు సెలవు. కాలు అతికింది గాని, కొంచెం పొట్టి అయింది. అప్పుడు అతనికి నలభై ఏళ్లు.

విచారణ మొదలైంది. సామాను సరిగా కట్టలేదని, వేగంగా నడిపాడని డ్రైవరుకు మెమో ఇచ్చారు. ఇంక్రిమెంటు ఆపడానికి నోటీసు తయారు చేసే పని నా బల్ల మీదికే వచ్చింది. బీరువాలో మే నెల అర్జీ ఉంది. దాన్ని పైకి పెడితే, ఆపద ముందే తెలిసి కూడా కాగితం ఆపినది ఎవరో బయట పడుతుంది. పెట్టకపోతే డ్రైవరు ఇంక్రిమెంటు పోతుంది. ఆపరేటరు గారు నన్ను ఒక్క మాట కూడా అడగలేదు. అడిగి ఉంటే నాకు తేలికగా ఉండేది.

మూడు రోజులు ఆ నోటీసు టైపు చేయించకుండా తాత్సారం చేశాను. మూడో రోజు సాయంత్రం ఆసుపత్రికి వెళ్లి అటెండరును చూశాను. అతని భార్య మంచం పక్కన కూర్చుని ఉంది. "డ్రైవరన్న తప్పేం లేదు సార్, ఆయన బ్రేకు వేయకపోతే ఎద్దులు పోయేవి," అన్నాడతను. మర్నాడు పొద్దున్నే పాత ఫైలును కొత్త ఫైలుకు జతపరిచి, పేజీ నంబరు వేసి, "ఈ విషయమై గత మే నెలలోనే అర్జీ అందినది" అని రాసి లోపలికి పంపాను.

డ్రైవరు మీద చర్య ఆగిపోయింది. నాకు లిఖితపూర్వక హెచ్చరిక వచ్చింది. అధికారి సంతకం కూడా ఆ ఫైలులో ఉంది గాని, దాని సంగతి ఎవరూ ఎత్తలేదు. ఈ హెచ్చరిక గురించి మా ఇంట్లో ఎవరికీ ఈ రోజు దాకా తెలియదు. మనవడికి చెప్పనిది ఇదే.

బిగింపు ఎలా జరిగింది

1985 జనవరిలో పని మొదలైంది. పద్దులో డబ్బు అప్పటికీ లేదు. ఈసారి వెదికాను. రికార్డు రూములో వాడకంలో లేని స్లాటెడ్ యాంగిల్ ర్యాకులు రెండు ఉన్నాయి. వాటిని విప్పి వ్యానుకు వాడుకునేందుకు ఉత్తర్వు తీసుకున్నాను. బోల్టులు, కూలి కంటింజెన్సీ కింద పెట్టాం. మొత్తం 185 రూపాయలు అయింది.

పనికి వచ్చిన మేస్త్రీ లారీ బాడీలు కట్టిన మనిషి. ఆయన చెప్పిన మాటలు నాకు పాఠాల్లా గుర్తున్నాయి. ఈ రోజుల్లో సొంత వ్యాను పెట్టుకుని ఎలక్ట్రికల్ పనులు, ఏసీ రిపేర్లు చేసుకునే పిల్లలు మన కుటుంబాల్లో చాలా మంది ఉన్నారు. వారికి ఉపయోగపడతాయని వివరంగా రాస్తున్నాను.

మొదటిది, బరువైనది కిందనే ఉండాలి. జనరేటరు, బ్యాటరీ నేల మీద, ఇరుసుకు దగ్గరగా పెట్టాలి. పైన బరువు పెడితే మలుపులో బండి పక్కకు లాగుతుంది. బరువంతా ఒక పక్కే పెట్టినా అంతే. జనరేటరు ఒక పక్క అయితే బ్యాటరీ, పనిముట్ల పెట్టె రెండో పక్క.

రెండోది, రేకును నమ్మకూడదు. "రేకుకు బోల్టు వేస్తే, దెబ్బ తగిలినప్పుడు బోల్టు ఊడదండీ, రేకుతో సహా ఊడొస్తుంది," అన్నాడాయన. నేల కింద అడ్డంగా పోయే ఇనప పట్టీలు ఎక్కడున్నాయో తట్టి చూసి, సుద్దముక్కతో గీసుకుని, బోల్టులు వాటిలోకే దింపాడు. పట్టీ అందని చోట రేకు కింద అరచేయంత ఇనప బిళ్ల వేసి, దాని మీద నట్టు బిగించాడు. గోడ అరలను కూడా రేకు పక్కటెముకలకే పట్టించాడు.

మూడోది, రంధ్రం వేసే ముందు బండి కింద దూరి చూడాలి. బ్రేకు గొట్టం, పెట్రోలు టాంకు, వైర్లు ఎటు పోతున్నాయో చూడకుండా డ్రిల్లు పెట్టకూడదు. వ్యాను లోపల వెల్డింగుకు ఆయన ససేమిరా ఒప్పుకోలేదు. వెల్డింగు అవసరమైన ముక్కలు బయట చేసుకుని, లోపల బోల్టులతో బిగించాడు.

నాలుగోది, ప్రతి వస్తువుకూ దాని కొలతకు సరిపడే చోటు. జనరేటరుకు మందపాటి యాంగిల్‌తో నాలుగు వైపులా అంచున్న చట్రం కట్టి, పైనుంచి ఇనప పట్టీ వేశాడు. రంధ్రాల యాంగిల్ అంత బరువు ఆపలేదని, దాన్ని తేలిక సామానుకే వాడాడు. ఫిలిం డబ్బాలను పళ్లాల్లా నిలువుగా పెట్టే గూళ్లు, ఆర్.ఎం.ఎస్. గూళ్లను చూసి ఆపరేటరు గారు చెప్పి చేయించుకున్నవే. ప్రొజెక్టరు కింద పాత టైరు ట్యూబు ముక్కలు రెండు పొరలు. ప్రతి అర ముందు అంచు రెండంగుళాలు పైకి లేచి ఉంటుంది. పెట్రోలు డబ్బాకు మాత్రం లోపల చోటు ఇవ్వలేదు. వెనక తలుపు బయట వేరే బ్రాకెట్టు.

ఐదోది, అందరూ మరిచిపోయేది. బిగించిన బోల్టు బండి నడిస్తే వదులవుతుంది. స్ప్రింగు వాషర్లు వేసినా సరే, మొదటి ప్రయాణం కాగానే ఒకసారి, ఆ తర్వాత నెలకొకసారి స్పానరు పెట్టి చూడాలి. "నెలవారీ బోల్టుల తనిఖీ" అని లాగ్‌బుక్కులో ఒక కాలమ్ గీశాను. నా సర్వీసులో నేను సొంతంగా పెట్టిన కాలమ్ అదొక్కటే.

చివరికి అటెండరు కూర్చునే చోటు. వెనక నేల మీద కూర్చోవడం మాన్పించి, ముందు సీటు పక్కన ఒక మడత సీటు వేయించాం. సామానుకూ మనిషికీ మధ్య ఇనప జాలి వచ్చింది.

మరుసటి సంవత్సరం ఆడిట్ పార్టీ వచ్చింది. "రికార్డు రూములో రెండు ర్యాకులు భౌతికంగా కనిపించలేదు" అని అభ్యంతరం రాశారు. ర్యాకులు కార్యాలయ ఆవరణలోనే, బండి నంబరు ఫలానా లోపల ఉన్నవని, దయచేసి అందులోకి ఎక్కి తనిఖీ చేయవచ్చునని సమాధానం రాశాను. ఆ పేరా తొలగించడానికి మూడేళ్లు పట్టింది.

1990 మే

ఆ అరల విలువ నాకు పూర్తిగా తెలిసింది 1990 మే నెలలో. కోస్తాలో పుట్టినవాళ్లు 1977 నవంబరు 19ని మరిచిపోలేరు. దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు వేలాది ప్రాణాలు పోయాయి. ముందుగా చెప్పే నోరు చాలా ఊళ్లకు అందలేదు. 1990 మే 9న మళ్లీ అంతటి బలమైన తుపాను కృష్ణా ముఖద్వారం వైపు వచ్చింది. ఈసారి ముందుగానే లక్షలాది మందిని ఎత్తయిన చోట్లకు, పక్కా భవనాలకు తరలించారు. ప్రాణనష్టం అప్పటితో పోలిస్తే బాగా తక్కువ. ఆ పని చేసిన వేలాది ఉద్యోగుల్లో మా మైకు వ్యాను కూడా ఒకటి.

రెండు రోజులు ఆ బండి ఆగలేదు. గాలివాన, కరెంటు లేదు, కాలువ గట్ల మీద మోకాలి లోతు గుంతలు. బండి ఊళ్లోకి వెళ్లగానే స్విచ్చి వేస్తే మైకు పలకాలి. తాళ్లు విప్పుతూ కూర్చునే వ్యవధి లేదు. పాత పద్ధతిలో అయితే రెండో ఊరికే బ్యాటరీ వైరు ఊడిపోయి ఉండేది. మైకు పట్టుకుని గొంతు బొంగురు పోయేదాకా అరిచినవాడు మా అటెండరే. కుంటుతూ దిగి, చెప్పినా కదలని ముసలివాళ్ల ఇళ్లకు నడిచి వెళ్లేవాడట. ఆ రెండు రోజుల లాగ్‌బుక్కు పేజీలు వానకు తడిసి సిరా అలికి ఉన్నాయి. వాటిని బిల్లుకు జతపరచేటప్పుడు "వర్షం వలన అస్పష్టం" అని నేనే ధ్రువీకరించాను.

ఇప్పటి సంగతి

టెలివిజను వచ్చాక ప్రచార వ్యాన్ల అవసరం తగ్గిపోయింది. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టెలివిజను చూపించిన ప్రయోగంలో మన రాష్ట్రమూ ఉంది. 1977లో హైదరాబాదు దూరదర్శన్ వచ్చింది. ఆ తర్వాత ఇంటింటికీ టీవీ. క్షేత్ర ప్రచార డైరెక్టరేటు 2017లో మరో సంస్థలో కలిసిపోయింది. ఫిల్మ్స్ డివిజన్‌ను 2022లో ఎన్.ఎఫ్.డి.సి.లో విలీనం చేశారు. మా వ్యానును ఎప్పుడో కండెం చేసి వేలం వేశారు. వేలానికి ముందు ఆ యాంగిల్ బద్దలను విప్పించి, స్టాకులో తిరిగి జమ చేసి, రికార్డు రూములో నిలబెట్టాకే నాకు తృప్తి కలిగింది.

వ్యాను పోయినా సమస్య పోలేదు. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో 108 అంబులెన్సులు మొదలయ్యాయి. మన వయసు వాళ్లలో ఆ బండి ఎక్కని కుటుంబం తక్కువ. ఈసారి ఎక్కవలసి వస్తే, దేవుడి దయ వల్ల స్పృహలో ఉంటే, లోపల గమనించండి. ఆక్సిజన్ సిలిండరుకు పట్టీలు, స్ట్రెచరుకు తాళం, మందులకు మూతలున్న అరలు. యూరప్ దేశాల అంబులెన్సు ప్రమాణం ప్రకారం లోపల బిగించిన ప్రతి వస్తువూ తన బరువుకు పది రెట్ల తోపుడుకు కూడా ఊడకూడదు. అంటే నలభై కిలోల పరికరం నాలుగు వందల కిలోల తోపుడును తట్టుకోవాలి. మన దేశంలో కూడా అంబులెన్సులకు ఏఐఎస్-125 అనే ప్రమాణం ఏర్పడింది. ఆ పది రెట్ల లెక్క చదివినప్పుడు నాకు ఆ డిసెంబరు రాత్రి జనరేటరు గుర్తొచ్చింది. కొబ్బరి తాడుతో దాన్ని ఆపగలమని ఎలా అనుకున్నామో!

మన సభ్యులకు ఒక మనవి. మనలో కొందరు ఆక్సిజన్ సిలిండరు కారులో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్తున్నారు. కొందరు పిల్లల కారు వెనక అద్దం కింద బిందెలు, పచ్చడి జాడీలు పెట్టుకుని ఊళ్లకు వెళ్తున్నారు. సిలిండరును సీటు బెల్టుతో గాని, పట్టీతో గాని కదలకుండా కట్టించండి. బరువైనవి డిక్కీలో, నేలకు ఆనించి పెట్టించండి. పిల్లలు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

మా అటెండరు 2004లో రిటైరయ్యాడు. అతని పెన్షను కాగితాలు తయారు చేసింది నేనే. గుర్తింపు చిహ్నాల దగ్గర "ఎడమ కాలి మీద మచ్చ" అని రాస్తుంటే చేయి కాసేపు ఆగింది. అతను గమనించాడు.

"ఆ ఫైలు మీరే పైకి పెట్టారంట కదా సార్. డ్రైవరన్న చెప్పాడు," అన్నాడు.

"ముందు ఆపింది కూడా నేనే," అన్నాను.

"అదీ చెప్పాడు," అని, వేలిముద్రల కాగితం తన వైపు తిప్పుకుని, సంతకం ఎక్కడ పెట్టాలో అడిగాడు. అతను ఇప్పుడు లేడు. భార్యకు ఫ్యామిలీ పెన్షను సక్రమంగా వస్తోంది. ప్రతి ఏటా ఆమె జీవన ప్రమాణ పత్రం నేనే దగ్గరుండి ఇప్పిస్తున్నాను.

ఇతర శాఖల్లో మొబైల్ వైద్య వ్యాన్లు, గ్రంథాలయ వ్యాన్లు, విద్యుత్ లైను బండ్లలో పని చేసిన మిత్రులు తమ అనుభవాలు కూడా రాసి పంపితే వచ్చే సంచికల్లో చదువుకుంటాం.